మిల్లు మోత అలవాటైందంటే చెవి పోతోందని అర్థం

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. మా మామగారికి 59 ఏండ్లు. 28 ఏండ్లు రైస్ మిల్లులో ఆపరేటర్‌గా చేసి పోయిన ఏడాది మానేశారు. టీవీ వీధి చివరి దాకా వినబడేటట్టు పెడతారు. ఒక మాట నాలుగుసార్లు చెప్పాలి. గట్టిగా చెబితే ‘ఎందుకట్ల ఒర్లుతవు’ అని కోపం. ‘నాకు మంచిగనే వినబడుతది, మీరే నోట్ల గొణుగుతరు’ అంటారు. రెండు రోజులకోసారి కొబ్బరినూనెలో ఎల్లిగడ్డ కాచి చెవిలో పోసుకుంటారు. మా ఆయనకు 31. అదే మిల్లులో నాలుగేండ్లుగా పనిచేస్తున్నారు. డ్యూటీ దిగి వచ్చాక రాత్రి దాకా చెవుల్లో గుయ్‌మంటుందని, పొద్దున్నకు తగ్గుతుందని, మోత అలవాటైపోయిందని చెబుతారు. మామగారి కోసం ఆన్‌లైన్‌లో 1,800 రూపాయల చెవి మిషన్ చూశాం. కొనొచ్చా? నూనె మంచిదేనా? మా బాబుకు నాలుగేండ్లు, పెండ్లి బరాత్‌లకు తీసుకుపోతే ఏమైనా అవుతుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది మామగారి గురించి. కానీ ఆ ఇంట్లో తొందరగా పట్టించుకోవలసింది మీ ఆయనను. మామగారికి పోయిన వినికిడి తిరిగి రాదు. మిషన్‌తో, ఇంట్లోవాళ్ళ ఓపికతో ఆయన రోజులు చాలావరకు తేలికవుతాయి, దానికి పదిరోజులు అటూ ఇటూ అయినా పరవాలేదు. మీ ఆయనది అలా కాదు. ఆయనకు ఇంకా చాలా మిగిలే ఉండొచ్చు, అది డ్యూటీకి ఇంత చొప్పున తరుగుతోంది. అందుకే ముందు ఆయన సంగతి.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు భాగం ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. శబ్దాన్ని పట్టి నరానికి అందించేవి అవే. పుట్టినప్పుడు ఉన్నవే ఉన్నట్టు, చనిపోతే కొత్తవి రావు. గాలివానకు వంగిన వరి ఒకటి రెండు రోజుల్లో లేచి నిలబడుతుంది. అదే మడిని రోజూ పశువులు తొక్కితే ఇక లేవదు. డ్యూటీ దిగాక గుయ్‌మనడం, చెవిలో దూది పెట్టినట్టు ఉండటం వరి వంగిన దశ. పొద్దున్నకు తగ్గింది కదా అని మళ్ళీ మళ్ళీ అదే మోతలోకి పోతే, ఏదో ఒకరోజు నుంచి అది ఇక తగ్గదు.

‘అలవాటైపోయింది’ అనే మాట మిల్లుల్లో, జిన్నింగ్ ఫ్యాక్టరీల్లో, క్రషర్ల దగ్గర అందరూ అంటారు. చెవి మోతకు అలవాటు పడదు. మొదట్లో భరించలేనిది ఇప్పుడు మామూలుగా ఉందంటే, ఆ మేరకు వినికిడి తగ్గి ఉండవచ్చు. మామగారు కూడా ముప్పై ఏండ్ల వయసులో ఇదే మాట అని ఉంటారు.

లెక్క ఇలా ఉంటుంది. శబ్దం ఎంత పెద్దదో డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ శబ్దశక్తి రెండింతలవుతుంది, ఉండదగిన సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే ఒక గంట, 97 అయితే అరగంట, 100 అయితే పావుగంట. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో పెట్టిన పరిమితి 8 గంటలకు 90. చట్టం దాటకపోయినా చెవి దెబ్బతినవచ్చన్న మాట. మీటరు లేకుండా తెలుసుకోవాలంటే ఒక పరీక్ష ఉంది: చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే అక్కడి మోత 85 దాటినట్టే. షెల్లర్, పాలిషర్, బ్లోయర్, జల్లెడ ఉన్న చోట నిలబడి మీ ఆయననే చూడమనండి.

ఇప్పుడు చెవి ప్లగ్గులు. దూది పెట్టుకుంటే చాలదు, అది మోతను తగ్గించేది చాలా తక్కువ. వేళ్ళతో నలిపితే సన్నబడి, మళ్ళీ ఉబ్బే ఫోమ్ ప్లగ్గులు కావాలి. మెడికల్ షాపుల్లో, సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో జత పది ఇరవై రూపాయల దాకా ఉంటుంది. పెట్టుకోవడం రాకపోవడమే అసలు సమస్య. చేతులు కడుక్కొని, ప్లగ్గును ముడతలు లేకుండా అగ్గిపుల్లకంటే కాస్త లావుగా నలపాలి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు వంకరగా ఉండే చెవి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్గు లోపలికి తోసి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో పట్టి ఉంచాలి. సరిగా కూర్చుంటే ఎదుటి నుంచి చూసేవాళ్ళకు అది దాదాపు కనిపించదు. బయటికి పొడుచుకొని ఉంటే తీసి మళ్ళీ పెట్టాలి. రెండు అరచేతులతో చెవులు మూసి తెరిచి చూడండి: మోతలో పెద్ద తేడా తెలియకపోతే బాగా కుదిరినట్టు. ఫోమ్‌వి తవుడు, ఊకదుమ్ము పట్టగానే, చెమటకు తడవగానే పారేయాలి. చేతులు పదేపదే మురికయ్యే పనిలో దారం ఉన్న సిలికాన్ ప్లగ్గులు మేలు, రోజూ సబ్బునీళ్ళతో కడుక్కోవచ్చు. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకుండా తిప్పుతూ మెల్లగా తీయాలి.

ప్యాకెట్ మీద 29 డెసిబెల్స్ తగ్గిస్తుందని రాసి ఉన్నా, మిల్లులో నిజంగా దొరికేది అందులో సగమే అనుకోవాలి. ఆ సగమూ కాసేపు తీసి పెట్టుకుంటే మిగలదు. పాలిషర్ దగ్గర మోత 98, ప్లగ్గు 15 తగ్గిస్తుంది అనుకుందాం. 8 గంటలూ పెట్టుకుంటే చెవికి అందేది 83. అదే, మధ్యలో మాట్లాడటానికనో చిరాకుతోనో మొత్తం ఒక గంట తీసేస్తే రోజు సగటు దాదాపు 90కి పోతుంది, 15 రావలసిన రక్షణ 8కి పడిపోతుంది. మాట్లాడాలంటే మోత లేని చోటికి వచ్చి తీయాలి. వట్టి చెవులతో మిషన్ పక్కన మాట్లాడకూడదు.

ఆపరేటర్లు ఒక అభ్యంతరం చెబుతారు, అది కొట్టిపారేసేది కాదు: ‘మిషన్ చప్పుడు వింటేనే బేరింగ్ పోయిందో బెల్టు జారిందో తెలుస్తుంది’. ప్లగ్గు చప్పుళ్ళన్నిటినీ తగ్గిస్తుంది, మిషన్ ధ్వనిలో వచ్చే మార్పును మాత్రం దాచదు. వినికిడి బాగున్న మనిషికి అంత మోతలో ప్లగ్గులతో మాట, మార్పు ఇంకా తేటగా తెలుస్తాయి. కొత్త ధ్వని గుర్తుపట్టడానికి వారం పదిరోజులు పడుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టమనండి. యజమానితోనూ మాట్లాడాలి. వదులైన రేకులు బిగించడం, కంపించే జల్లెడ కింద రబ్బరు ప్యాడ్లు, వేళకు గ్రీజు, మోత ఎక్కువున్న చోట మనుషులను మార్చడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పెద్ద శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం పని వల్ల వచ్చే జబ్బుల చట్టపు జాబితాలో ఉంది. ఈఎస్‌ఐ కార్డు ఉంటే దాన్ని, డ్యూటీ చీటీలను, చెవి పరీక్ష రిపోర్టులను జాగ్రత్తగా దాచండి, తరువాత అడగవలసి వస్తే అవే ఆధారం. డ్యూటీ దిగాక ఇయర్‌ఫోన్లు వద్దు. మిగతా 16 గంటలు ఆ చెవులకు విశ్రాంతి దక్కాలి.

ఇక మామగారు. ఆయన ‘వినబడుతది’ అనేది అబద్ధం కాదు. మోత వల్ల పోయే వినికిడి మొదట సన్నటి, కీచు స్వరాల దగ్గర పోతుంది, పరీక్ష కాగితం మీద 4000 హెర్ట్జ్ (స్వరం ఎంత సన్ననిదో చెప్పే కొలత) దగ్గర గుంట పడినట్టు కనిపిస్తుంది. మాటలో అచ్చుల ధ్వని లావుగా, బలంగా ఉంటుంది, అది ఆయనకు అందుతోంది. క, చ, త, ప, స లాంటివి సన్నగా, బలహీనంగా ఉంటాయి, అవి అందడం లేదు. అందుకే పప్పు, కప్పు, తప్పు మూడూ ఆయనకు ఒకటే మాట. గొంతు వినబడుతుంది, మాట తెలియదు. ఆయనకు అది గొణుగుడు వింటున్నట్టే ఉంటుంది. ఆడవాళ్ళ, పిల్లల గొంతుకలు సన్నవి కాబట్టి మీ మాట, మనవడి మాట ఇంకా తక్కువ తెలుస్తాయి. మీరు అరిస్తే లావు ధ్వని పెరిగి చెవిలో గుచ్చుకుంటుంది, పోయిన అక్షరం మాత్రం రాదు. దెబ్బతిన్న చెవికి చిన్న చప్పుడు వినబడదు, పెద్ద చప్పుడునేమో అది ఓర్చుకోలేదు. ఆయన కోపం అందుకే. ఆయన ‘ఊ’ కొట్టినంత మాత్రాన విన్నారని అనుకోకండి. ఇంట్లో ఎవరైనా ‘చెవిటోని ముందు శంఖం ఊదినట్టు’ అనే మాట వాడుతుంటే ఆపించండి. ఆ మాటలకు భయపడే చాలామంది పరీక్షకు రారు.

నూనె ఈ రోజు నుంచే బంద్ చేయాలి. నూనె వల్ల నరం దగ్గరి వినికిడి పెరగదు. చెవిలో నూనె ఉంటే దుమ్ము, గులిమి కలిసి ముద్దకట్టి దారి మూసేస్తాయి, తడి నిలిచి బూజు పడుతుంది, దురద మొదలవుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉంటే నూనె లోపలికి పోయి చీము పట్టిస్తుంది. కాచిన నూనె వేడి ఎక్కువైతే లోపలి చర్మం కాలుతుంది. గులిమి మురికి కాదు, చెవికి కాపలా. చాలామందికి తనంతట తానే బయటికి వస్తుంది. బడ్స్, పిన్నులు, తాళంచెవి పెడితే లోపలికి దిగిపోయి గట్టిపడుతుంది. బస్టాండ్ల దగ్గర చెవులు శుభ్రం చేసేవాళ్ళ చేతికి చెవి ఇవ్వకండి.

ఆన్‌లైన్ మిషన్ కొనకండి. 1,800కు వచ్చేది శబ్దాన్ని పెంచే డబ్బా, చెవిని బట్టి సరిచేసేది కాదు. మామగారికి లావు ధ్వనులు ఇప్పటికే వినబడుతున్నాయి. అది కూలర్ హోరును, బస్సు మోతను కూడా పెంచుతుంది. వారంలో విసుగొచ్చి పెట్టెలో పడేస్తారు, ఆ తరువాత మంచి మిషన్ అన్నా వద్దంటారు. పెద్ద చప్పుళ్ళకు హద్దు పెట్టనిదైతే మిగిలిన వినికిడికీ ముప్పే.

సరైన వరుస ఇది: మొదట చెవి, ముక్కు, గొంతు డాక్టరు, తరువాత పరీక్ష, ఆఖరున మిషన్. డాక్టరు గులిమి, చీము, కర్ణభేరి చూస్తారు. కొందరికి గులిమి తీస్తేనే సగం తేడా వస్తుంది. తరువాత చప్పుడు చొరబడని గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. దాన్ని ఆడియోమెట్రీ అంటారు. నొప్పి ఉండదు. కాగితం మీద ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూలు ఎడమ చెవి. గీత కిందికి దిగిన కొద్దీ లోపం ఎక్కువ. కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. మీ ఆయనకూ అదే రోజు చేయించండి, కానీ ఆయన పరీక్షకు ముందు కనీసం 16 గంటలు మోతకు దూరంగా ఉండాలి. డ్యూటీ దిగి నేరుగా పోతే తాత్కాలిక లోపం కూడా అంకెల్లోకి ఎక్కుతుంది. వారం సెలవు మరుసటి పొద్దున డ్యూటీకి ముందైతే మంచిది. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. మిర్యాలగూడ నుంచి సికింద్రాబాద్‌కు రైలు ఉంది కదా.

వికలాంగుల సర్టిఫికెట్ గురించి ముందే తెలుసుకోండి. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల స్వరాల దగ్గర 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి లోపం, 70 దాటితే చెవుడు కింద లెక్క. పథకాలకు సాధారణంగా 40 శాతం వైకల్యం అడుగుతారు. మిల్లు మోతతో చెవి పోయిన చాలామందికి సన్న స్వరాలు పోయినా సగటు అంతదాకా రాదు. ఆయన సగటు ఎంతో కాగితం చూసి డాక్టరునే అడగండి. అర్హత ఉంటే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద మిషన్ ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంటుంది.

డబ్బు పెట్టి కొనవలసి వస్తే, డిజిటల్ మిషన్ ఒక్కో చెవికి పది పదిహేను వేల నుంచి లక్ష దాటి కూడా ఉంటుంది. ఖరీదు కంటే చెవికి సరిపోల్చడం ముఖ్యం. ఆడియోగ్రామ్ (ఆ పరీక్ష కాగితం) చూసి కంప్యూటర్‌తో సెట్ చేయాలి, కొనకముందు కొన్ని రోజులు వాడి చూడనివ్వాలి. మొదటి రెండు నెలల్లో మూడు నాలుగుసార్లు సరిచేయించుకోవలసి వస్తుంది కాబట్టి, మీరు తేలిగ్గా పోయిరాగలిగిన ఊళ్ళోనే కొనండి. రెండు చెవుల్లోనూ లోపం ఉంటే రెండింటికీ పెట్టడమే మేలు, చప్పుడు ఎటునుంచి వస్తుందో తెలియాలంటే రెండు కావాలి. ఆయనకు లావు స్వరాలు బాగుంటే చెవిని పూర్తిగా మూసే అచ్చు కాకుండా, రంధ్రాలున్న చిన్న రబ్బరు గొడుగు ఉండే రకం అడగండి. లేకపోతే తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు వినబడుతుంది.

మొదటి వారం ఇంట్లో చప్పుడు లేనప్పుడు రోజుకు గంట రెండు గంటలు చాలు. గిన్నెల చప్పుడు, కాగితం చప్పుడు కూడా ఆయనకు వింతగా, గట్టిగా ఉంటాయి. ఏండ్ల తరబడి అందని ధ్వనులను మెదడు మళ్ళీ గుర్తుపట్టాలి. రోజుకు కొంచెం పెంచుతూ నెలకు రోజంతా పెట్టుకునేలా చూడండి. పెండ్లికో సంతకో వెళ్ళేటప్పుడు మొదటిసారి పెట్టనే వద్దు.

మిషన్ ఆగిపోతే ఎక్కువసార్లు కారణం గులిమో చెమటో బ్యాటరీనో. 312 సైజు బ్యాటరీకి గోధుమ రంగు, 13కు నారింజ రంగు స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ తీసి ఐదు నిమిషాలు గాలి తగలనిచ్చి వేస్తే ఎక్కువ రోజులు వస్తుంది. స్టిక్కర్ మళ్ళీ అంటించినా ఆగదు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, తేమను పీల్చే సిలికా పూసల డబ్బాలో పెట్టాలి. మన దగ్గర ఏప్రిల్, మే చెమటకు మిషన్లు ఎక్కువగా పోతాయి, ఆ రెండు నెలలు డబ్బా మరవద్దు. కీచుమంటుంటే చెవిలో వదులుగా ఉందనో, గులిమి అడ్డుపడిందనో. కిటికీ ఎండలో, బండి డిక్కీలో పెట్టకండి. మీ ఇంట్లో నాలుగేండ్ల పిల్లవాడున్నాడు, బటన్ బ్యాటరీ మింగితే అన్నవాహికను కాల్చేస్తుంది. కొత్తదైనా పాతదైనా అందకుండా దాచండి, మింగాడని అనుమానం వస్తే ఆ నిమిషమే ఆసుపత్రికి పోవాలి. మిషన్ ఆపి పెట్టుకుంటే మిల్లు మోత నుంచి కాపాడుతుందని కొందరు అనుకుంటారు. అది ప్లగ్గు కాదు.

మిషన్ ఉన్నా ఇంట్లో మాట తీరు మారాలి. వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరికి వెళ్ళి, ముందు ‘మామా’ అని పిలిచి ఆయన చూశాక, వెలుతురు మీ ముఖం మీద పడేటట్టు నిలబడి, మామూలు గొంతుతో కొంచెం నిదానంగా చెప్పండి. కూలర్ ఆపడం ఒక్కటే సగం సమస్య తీరుస్తుంది. ఒక మాట రెండోసారీ తెలియకపోతే మాట మార్చండి: ‘పప్పు తెండి’ తెలియకపోతే ‘కిరాణా కొట్టుకు పోయి కందిపప్పు కిలో తెండి’. చుట్టూ మాటలుంటే ఆయన అందుకుంటారు. బండి నడిపితే రెండు వైపులా అద్దాలుండాలి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద నడిచేటప్పుడు ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపే నడవాలి, వెనక లారీ హారన్ ఆయనకు ఆలస్యంగా తెలుస్తుంది.

బాబు విషయం: డీజే బాక్సుల దగ్గర శబ్దం 100 దాటడం మామూలే, అంటే పావుగంట కూడా ఎక్కువ. ఆరుబయట దూరం రెండింతలైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి బరాత్‌లో బాక్సుల బండి వెనక కాకుండా బాగా దూరంగా ఉండండి. చిన్నపిల్లలకు ఫోమ్ ప్లగ్గులు వద్దు, తల మీదుగా పెట్టే ఇయర్‌మఫ్‌లు వాడండి. ఏడ్చి చెవులు మూసుకుంటే వెంటనే ఇంటికి తీసుకురండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి.

కొన్నింటికి ఆగకూడదు. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రాత్రికి రాత్రో వినబడకుండా పోతే గులిమి అనుకొని కూర్చోకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. దానికి ఇచ్చే మందులు త్వరగా మొదలుపెడితేనే పని చేస్తాయి, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. చీము, నెత్తురు కారినా, కండ్లు తిరిగినా, ముఖం ఒక పక్కకు పోయినా అంతే. జెంటమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, కొన్ని క్యాన్సర్ మందులు చెవిని దెబ్బతీయగలవు. అలాంటివి రాసేటప్పుడు చెవి లోపం ఉందని చెప్పండి, మందు మాత్రం మీరే ఆపకండి.

మీ ఆయన మొదటి పరీక్ష కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో దాచి, ఏడాదికి మళ్ళీ చేయించి 4000 దగ్గరి అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. గీత 10 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ కిందికి దిగితే ప్లగ్గులు సరిగా కూర్చోవడం లేదనో, మధ్యలో తీసేస్తున్నారనో అర్థం. అప్పుడు ప్లగ్గు మీద ఇయర్‌మఫ్ కూడా పెట్టాలి, లేదంటే మోత తక్కువున్న చోటికి డ్యూటీ మార్చమని ఆ రెండు కాగితాలు చూపించి యజమానిని అడగాలి.